పాత కారు ట్యాంకులో కొత్త పంపు: నా అనుభవం

1969లో తయారైన నా కారు చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పీతిప్పగానే అందుకునేది. గంటసేపు ఎండలో నడిపి, పది నిమిషాలు ఆపి మళ్లీ తాళం తిప్పితే మాత్రం స్టార్టర్ మోటారు తిరుగుతూనే ఉండేది, ఇంజన్‌లో చలనం ఉండేది కాదు. బానెట్ ఎత్తి చూస్తే, ఇంజన్‌కు ఆనుకుని ఉన్న మెకానికల్ పంపు చేయి పెట్టలేనంత వేడిగా కాలుతుండేది. ఇంజన్ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ కదలికతో ఆడే ఆ పంపు, కారు వెనకనున్న ట్యాంకు నుంచి పెట్రోలును ముందుదాకా పీల్చుకోవాలి. పీల్చినప్పుడు గొట్టంలో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గుతుంది, ఒత్తిడి తగ్గిన పెట్రోలు తక్కువ వేడికే మరిగి ఆవిరవుతుంది, ద్రవాన్ని నెట్టడానికి చేసిన పంపు ఆ ఆవిరిని నెట్టలేక చేతులెత్తేస్తుంది. వేపర్ లాక్ అనేది దీన్నే.

అదే సమయంలో, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ తీసేసి, దాని స్థానంలో కూర్చుని పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ యూనిట్ బిగించాలని నిశ్చయించుకున్నాను. పాత కారుకు ఇంజెక్షన్ అపచారమని భావించేవారు ఉన్నారు గాని, 1967లోనే బాష్ సంస్థ డీ-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను వోక్స్‌వ్యాగన్ 1600 కార్లలో ప్రవేశపెట్టింది కనుక, అది నా కారు కంటే పాతదే. అసలు చిక్కు ఒత్తిడితో వచ్చింది. పాత మెకానికల్ పంపు ఇచ్చేది సుమారు 0.3 నుంచి 0.4 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), కొత్త యూనిట్ అడిగేది 4 బార్. అంత ఒత్తిడినిచ్చే కరెంటు పంపును కారు కింద బిగించవచ్చు. కానీ ఈ పంపులు నెట్టడంలో ఎంత సమర్థమైనవో పీల్చడంలో అంత బలహీనమైనవి. ట్యాంకులోనే ముంచి పెడితే పీల్చే పని దాదాపు ఉండదు, చుట్టూ ఉన్న పెట్రోలే మోటారును చల్లబరుస్తుంది, రొద కూడా చాలావరకు లోపలే అణిగిపోతుంది. ఈ మూడు కారణాలతో ట్యాంకు పంపువైపే మొగ్గాను.

ట్యాంకు దింపడానికి ఒక పూట పట్టింది. దానికి రంధ్రం చేయడం మాత్రం నేను స్వయంగా చేయలేదు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే అంటుకునేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. అది గాలి కంటే బరువైనది కాబట్టి ట్యాంకు అడుగున, మడతల్లో రోజుల తరబడి నిలిచి ఉంటుంది. ట్యాంకులు బాగుచేసే వర్క్‌షాప్‌లో నీటి ఆవిరితో పలుమార్లు కడిగించి, రంధ్రం వాళ్లచేతే కోయించాను. కోయవలసిన చోటును మాత్రం ముందుగా నేనే గుర్తు పెట్టుకున్నాను. అది ట్యాంకులో అన్నిటికంటే లోతైన భాగానికి సరిగ్గా పైన ఉండాలి, కింద గట్లు గాని లోపలి అడ్డుపలకలు గాని తగలకూడదు, కారులో ఎక్కించాక పైన డిక్కీ రేకుకూ పంపు మూతకూ మధ్య గొట్టాలు ఒంగే ఖాళీ మిగలాలి. ఈ మూడో విషయం చాలామందికి ట్యాంకు తిరిగి ఎక్కించేటప్పుడు గాని గుర్తుకు రాదు.

కోశాక లోపల మిగిలే ఇనుప రజను మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. ఈ పంపులో తిరిగే చక్రానికీ దాని గూడుకూ మధ్య సందు వెంట్రుక పట్టేంత సన్నం. అయస్కాంతాన్ని తీగకు కట్టి లోపలంతా తిప్పాను, కడిగి ఆరబెట్టాను, మళ్లీ తిప్పాను. మూడోసారి కూడా అడ్డుపలక వెనక నుంచి గోరుచంద్రుడిలా వంగిన ఒక రేకుముక్క వచ్చింది. అయస్కాంతం వరుసగా రెండుసార్లు శుభ్రంగా తిరిగి వచ్చేవరకు పంపును దగ్గరికి తేలేదు.

తరువాత లోతు కొలత. పంపు కింద ఉండే జల్లెడ ట్యాంకు అడుగును తాకుతూ ఉండాలి, అలాగని నలిగిపోకూడదు. పాత ట్యాంకుల్లో మలుపు తిరిగినప్పుడు పెట్రోలు ఒక పక్కకు ఒరిగిపోకుండా ఆపే ఏర్పాటు సరిపోయినంతగా ఉండదు. కార్బురేటర్‌కు దాని తొట్టిలో కాస్త నిల్వ ఉంటుంది కాబట్టి రెండు క్షణాలు పెట్రోలు అందకపోయినా నడిచిపోతుంది, ఇంజెక్షన్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకని పంపు చుట్టూ చిన్న తొట్టి ఉన్న రకాన్ని ఎంచుకుని, ఒత్తిడిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ నుంచి మిగులు పెట్రోలును వెనక్కి తెచ్చే రిటర్న్ పైపును కూడా ఆ తొట్టిలోకే, పెట్రోలు మట్టం కంటే దిగువకు దించాను. పైనుంచి ధారగా పడితే నురగలు కట్టి, ఆ బుడగలే తిరిగి పంపులోకి వెళతాయి. పెట్రోలు మట్టాన్ని మీటరుకు తెలిపే పాత సెండర్ తన సొంత రంధ్రంలో విడిగా ఉంది కనుక దాన్ని కదపలేదు. గాలి పోయే దారికి, కారు బోల్తాపడితే మూసుకునే వాల్వు అమర్చాను. ఇంజన్ పక్కన పాత పంపు తీసేసిన ఖాళీని గ్యాస్కెట్ వేసి రేకుతో మూశాను.

వైరింగ్‌లో పాత తీగ దేన్నీ నమ్మలేదు. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి తీగ లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి, డిక్కీలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్చు) బిగించాను. తాళం తిప్పగానే పంపు 2 సెకన్లు తిరిగి ఆగుతుంది, ఇంజన్ తిరుగుతున్న సంకేతం అందితేనే మళ్లీ మొదలవుతుంది. ఇంజన్ ఆగితే మెకానికల్ పంపు తనంతట తానే ఆగిపోయేది, కరెంటు పంపుకు ఆ గుణం లేదు కాబట్టి ఢీకొన్నప్పుడు సరఫరా తెంచే స్విచ్చు కూడా తప్పనిసరి అని నా అభిప్రాయం. మొదటి పరీక్షలో బ్యాటరీ వద్ద 13.9 వోల్టులు ఉంటే పంపు వద్ద 11.2 మాత్రమే వచ్చింది. ఎర్త్ తీగను రంగు పూసిన బోల్టుకు బిగించడమే నా పొరపాటు. రంగు గీకి బిగించగానే 13.5కు చేరింది.

కారు మూడు వారాలు హాయిగా నడిచింది. ఆ తరువాత ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఊపిరాడనట్టు తడబడసాగింది. ఒత్తిడి మీటరు తగిలించి చూస్తే, చల్లగా ఉన్నప్పుడు 4 బార్ చూపిన ముల్లు అరగంట నడిచాక 2.6కు దిగింది. ఫిల్టరు మార్చినా ఫలితం లేదు. రెగ్యులేటర్‌ను అనుమానించి, రిటర్న్ పైపులోని రబ్బరు భాగాన్ని క్షణకాలం నొక్కి పట్టాను. రెగ్యులేటర్ చెడి ఉంటే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకాలి, కానీ ముల్లు ఏ మాత్రం ఉత్సాహం చూపలేదు. అంటే మిగులు పెట్రోలు వెనక్కి ఎక్కువ పోవడం కాదు, ముందుకు రావడమే తక్కువన్నమాట. ఇంకొక ఆనవాలు కూడా దొరికింది. మొదట్లో ఇంజన్ ఆపాక చాలాసేపు నిలిచే ఒత్తిడి ఇప్పుడు కొద్ది సెకన్లలోనే సున్నాకు పడిపోతోంది. కారు కింద ఎక్కడా తడి లేదు, వాసన లేదు. బయట ఒక్క చుక్క కారకుండా ఒత్తిడి పోతోందంటే, కారేది ట్యాంకు లోపలే అయి ఉండాలి.

మూత విప్పి పంపును బయటికి తీశాను. పంపు తలనూ మూత కింది పైపునూ కలిపే జానెడు కంటే పొట్టి హోస్ ఉబ్బి, దాదాపు రెట్టింపు లావైంది. వేలితో తాకితే పైపొర నల్లగా అంటుకుంది. పై క్లిప్పు అంచున, రబ్బరు మెత్తబడిన చోట, అంగుళంలో సగం పొడవున చీలిక ఉంది, క్లిప్పు అక్కడ లోతుగా కోసుకుపోయింది. పంపుతో వచ్చిన హోస్ కాస్త పొట్టిగా ఉందనిపించి, ఇంజన్ వైపు వాడగా మిగిలిన మంచి ఇంజెక్షన్ హోస్ ముక్కను అక్కడ వేసింది నేనే. దాని మీద ఎస్.ఎ.ఇ. (వాహన ఇంజనీర్ల సంఘం) ప్రమాణాల్లోని హోస్ రకాన్ని తెలిపే 30ఆర్9 అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. అది అధిక ఒత్తిడికి తట్టుకునేదే, అయితే పెట్రోలును లోపలి వైపు నుంచి మాత్రమే తాకేందుకు చేసినది. పెట్రోలులో మునిగి ఉండే చోట, లోపలా బయటా రెండు వైపులా తట్టుకునే 30ఆర్10 రకమే వాడాలి. ఒత్తిడి గురించి అంత ఆలోచించిన నేను ఆ హోస్ బయటి పొర గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ పొర నుంచి రాలిన నలుసులు జల్లెడకు కూడా పట్టి ఉండటంతో ట్యాంకు మళ్లీ ఖాళీ చేసి, కడిగించి, జల్లెడ మార్చవలసి వచ్చింది.

ఈసారి 30ఆర్10 ముక్క వేసి, అంచులు కోసుకోని నున్నటి ఇంజెక్షన్ క్లిప్పులు బిగించాను. మూతకు పాత గ్యాస్కెట్‌ను తిరిగి వాడకుండా కొత్తది వేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ వచ్చాను. ఒత్తిడి 4 బార్ దగ్గర స్థిరపడింది, ఇంజన్ ఆపి అరగంట తరువాత చూసినా ముల్లు మూడుకు పైనే ఉంది. ఆ తరువాతి వారం మధ్యాహ్నపు ఎండలో గంటన్నర నడిపి, నీడ లేని చోట పావుగంట ఆపాను. తాళం తిప్పగానే వెనక సీటు దిగువ నుంచి సన్నని మూలుగు 2 సెకన్లు వినిపించి ఆగింది, ఇంకాస్త తిప్పగానే ఇంజన్ అందుకుంది.