ముక్కు దిబ్బడకు మిరియాల చారు: నా అనుభవం

హైదరాబాదులో డిసెంబరు చలికి రోడ్ల దుమ్ము తోడైతే నాకు జలుబు తప్పదు. ఈసారి మలక్‌పేటలోని మా ఇంట్లో జ్వరం, దగ్గు లేకుండానే, రాత్రి పడుకోగానే ముక్కు పూర్తిగా మూసుకుపోయి నోటితో గాలి పీల్చవలసి వచ్చింది. దిబ్బడ అనగానే చీమిడి పేరుకుందనుకొని గట్టిగా చీదుతాం గాని, ముక్కు లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బి, ఆ పొర వాచి, గాలి దారి ఇరుకు కావడమే అసలు కారణం. ముక్కులో వేసుకునే చుక్కల మందు వెంటనే పనిచేసినా, కొద్ది రోజులకు మించి వాడితే ఆపగానే దిబ్బడ తిరగబెడుతుంది కనుక దాని జోలికి పోలేదు.

మా అత్తమ్మ మిరియాల చారు పెట్టారు. పలుచని చింతపండు రసంలో అప్పటికప్పుడు దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి, పొంగు రాగానే దించి, ఇంగువతో పోపు పెట్టారు. అన్నంలో కలుపుకోకుండా గ్లాసులో పోసుకొని, ఆవిరి ముక్కుకు తగిలేలా గుక్కగుక్కగా తాగితే, ఆ ఘాటుకు ముక్కు కారి ఊపిరి కాస్త తేలికపడింది. అయితే ఆ హాయి ఎక్కువసేపు నిలవలేదు. 1978లో అమెరికాలో 15 మంది ఆరోగ్యవంతులపై జరిపిన ఒక ప్రయోగంలోనూ వేడి నీళ్లు, కోడి సూప్ తాగాక ముక్కులో చీమిడి కదిలే వేగం పెరిగి, అరగంటకల్లా మళ్లీ మామూలైంది. అందుకే ఒకేసారి ఎక్కువగా తాగే బదులు, రాత్రి భోజనానికి ముందొక గ్లాసు, పడుకునే ముందొక గ్లాసు తీసుకున్నాను. మధ్యలో గోరువెచ్చని నీళ్లు తాగాను. ఇరానీ చాయ్ కూడా వేడిదే కదా అని మా వారు వాదించారు. వేడి వరకు ఆ మాట నిజమే గాని, రాత్రిపూట అది నిద్ర చెడగొడుతుంది.

ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతుంటుంది కనుక, మరిగే నీళ్లు ఒలుకుతాయన్న భయంతో గిన్నెలో ఆవిరి పట్టడం మానుకొని, తల కింద అదనంగా మరో దిండు పెట్టుకొని పడుకున్నాను. జలుబు తన గడువు ప్రకారమే తగ్గింది. చారు దానిని నయం చేసిందని నేను అనను, తినడానికీ నిద్రపోవడానికీ వీలు కల్పించింది. పది రోజులు దాటినా తగ్గకపోయినా, చెంపల్లో తీవ్రమైన నొప్పి, అధిక జ్వరం, ఆయాసం వచ్చినా డాక్టరుకు చూపించుకోవాలి. అల్లం నీళ్లలో తేనె కలిపి ఇచ్చే అలవాటున్నవారు ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం తేనె పట్టకూడదు.