మొదటి తెరలో తెలుగు

పరాయి దేశంలో నా ఉద్యోగం ఒక్కముక్కలో చెప్పాలంటే ఇన్‌స్టాల్ చేయడం, చెరిపేయడం, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) తయారైనప్పుడల్లా వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో, ఎక్కించి చూస్తాను. 4 జీబీ మెమరీ, 25 జీబీ డిస్కు ఇస్తాను. కంప్యూటర్‌ని మేల్కొలిపే పాత పద్ధతి బయోస్‌తో ఒకసారి, కొత్త పద్ధతి యూఈఎఫ్ఐతో ఒకసారి. అంతకన్నా ముందు చెక్‌సమ్ (ఫైలు చెడలేదని చెప్పే గుర్తు) సరిచూసుకోవాలి. ఫైలే సరిగా దిగకపోతే తర్వాత కనబడే తప్పుల వెంట పడటం వృథా.

వర్చువల్ మెషీన్‌లో నాకు నచ్చేది ధైర్యం. డిస్కంతా తుడిచేయమంటారా అని అడిగితే నిశ్చింతగా అవునంటాను. పోయేది నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒక ఫైలు మాత్రమే. స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటి స్థితిని దాచిన కాపీ) ఉంటే అదీ వెనక్కి వస్తుంది.

మా టీమ్‌లో అందరం మొదటి తెరలో ఇంగ్లిష్ ఎంచుకుని ముందుకెళ్లేవాళ్లం. రెండేళ్లు నేనూ అంతే. ఒకరోజు భాషల జాబితాలో కిందికి జరుపుతుంటే ‘తెలుగు’ కనిపించింది. ఆఫీసులో పొద్దంతా కంటపడని అక్షరాలు. నొక్కాను.

కీబోర్డు దానంతటదే తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కి, అంటే తెలుగు అక్షరాల మీటల అమరికకి, మారింది. డిస్కు ఎన్‌క్రిప్షన్‌కి (అందులోని సమాచారానికి వేసే తాళానికి) పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తెర మీద చుక్కలే పడతాయి కాబట్టి ఏ లిపి పడుతోందో తెలియలేదు. ఇన్‌స్టాల్ సాఫీగా ముగిసింది, రీబూట్ అయింది. అదే పాస్‌వర్డ్ కొడితే తప్పంది. మళ్లీ తప్పంది. బూట్ సమయంలో కీబోర్డు ఇంగ్లిష్‌లోనే ఉంది. వేళ్లు నొక్కిన మీటలు అవే, లోపలికి వెళ్లిన అక్షరాలు వేరు. పైగా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ టెక్స్ట్ కన్సోల్ (ఉత్త అక్షరాల తెర) ఫాంటులో పట్టేది 512 ఆకారాలే, ఒత్తులూ గుణింతాలూ కూర్చే ఏర్పాటు కూడా అక్కడ లేదు.

నేను స్నాప్‌షాట్‌కి వెళ్లిపోయాను. అదే సొంత కంప్యూటర్ మీద తన భాష ఎంచుకున్న మనిషి ఏం చేయాలి? ఆ ఆలోచన ఆ రాత్రి నన్ను వదల్లేదు.

మూడుసార్లు అదే తప్పు తెప్పించి, ప్రతి తెరనూ ఫొటో తీసి బగ్ (లోపం మీద రిపోర్టు) రాశాను. “దీన్ని ఎంతమంది వాడతారు?” అని మేనేజర్ అడిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం భారత్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్రాధాన్యం పెంచింది.

పక్క సీటులో జార్జియా దేశం నుంచి వచ్చిన కుర్రాడు నా బగ్ చదివి, తన భాషతో ఇన్‌స్టాల్ చేశాడు. పావుగంటకి కుర్చీ ఇటు తిప్పాడు. అతని తెర మీద కూడా అదే పాస్‌వర్డ్ పెట్టె, తెరుచుకోకుండా.