మూతపడని కన్ను

2022 డిసెంబరులో ఒక పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు నోట్లో ఆగలేదు, ఎడమ పక్కనుంచి కారిపోయాయి. చలికి పెదవి మొద్దుబారిందనుకున్నాను. చాయ్ కూడా అట్లనే కారింది. అద్దంలో చూస్తే ఎడమ చెంప జారి ఉంది, మూతి కుడివైపుకు గుంజుకుపోయింది.

ముందురోజు రాత్రి కరీంనగర్ నుంచి బస్సులో కిటికీ పక్కన కూర్చొని వచ్చాను. అమ్మ దాన్నే పట్టుకుంది. "చల్లగాలి కొట్టింది బిడ్డా, రెండు రోజులు ఆగితే అదే పోతది" అంది. నా భార్య ఆగనివ్వలేదు. గంటలో హనుమకొండలో డాక్టరు ముందు కూర్చోబెట్టింది. ఆమె చేసిన ఆ ఒక్క పని నాకు ఎంత మేలు చేసిందో తర్వాత తెలిసింది.

డాక్టరు నుదురు ముడవమన్నాడు. కుడివైపు ముడతలు పడ్డాయి, ఎడమవైపు నున్నగా ఉండిపోయింది. మెదడులో వచ్చే పక్షవాతంలో మామూలుగా నుదురు కదులుతుందట. ముఖానికి పోయే ఏడో నరం వాచి, అది వచ్చే సన్నటి ఎముక దారిలో నలిగితే నుదురుతో సహా సగం ముఖం పడిపోతుంది. దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఈ తేడా ఇంట్లో తేల్చుకునేది కాదు. మూతి వంకరపోతే వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే. స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. నాకు పది రోజులకు రాశారు, అవి నిద్ర చెడగొడతాయి కాబట్టి పొద్దున్నే వేసుకోమన్నారు.

చూడటానికి వచ్చినవాళ్లంతా మూతినే చూశారు. నన్ను నిజంగా బాధపెట్టింది కన్ను. మూడో రాత్రి నా బిడ్డ నీళ్లు తాగడానికి లేచి భయపడి నన్ను తట్టి లేపింది. "బాపూ, నీ కన్ను తెరిచే ఉన్నది, తెల్లగా కనబడుతున్నది" అంది. నేను మూసుకునే పడుకున్నాను. కనుగుడ్డు పైకి తిరిగింది కానీ రెప్ప కిందికి రాలేదు.

మూసిన రెప్పలోంచి కూడా కొంచెం వెలుతురు లోపలికి పోతుంది. కళ్లు మూసుకొని ఎండకు ఎదురుగా నిలబడితే ఎర్రగా కనిపించేది అదే. ఎరుపు దాటి వస్తుంది, నీలం చాలావరకు ఆగిపోతుంది. పగలో రాత్రో మెదడుకు చెప్పే కణాలు కంటి లోపలి పొరలో ఉంటాయి, అవి ఎక్కువగా ఉలిక్కిపడేది ఆ నీలానికే. ఆ వెలుతురు తగిలితే నిద్రకు సాయం చేసే మెలటోనిన్ తగ్గిపోతుంది. నా ఎడమకంటికి ఆ అడ్డు సగమే మిగిలింది. ఇంట్లో అయితే లైట్లన్నీ ఆర్పేవాళ్లు.

బయట ఎవరు ఆర్పుతారు? మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాల (దర్రీల) వ్యాపారం. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా ఆర్డరు కావాలంటే ఇప్పటికీ మూట పట్టుకొని ఊరూరు తిరగాల్సిందే. మాట ఇచ్చిన ఆర్డరు ఉండి, రోగం వచ్చిన పదిహేనో రోజే మంచిర్యాల పోయాను. లాడ్జి గదిలో వెంటిలేటరుకు ఎదురుగా ఒక దుకాణం బోర్డు, తెల్లవార్లూ నీలంగా వెలుగుతుంది. తలుపు కింద వరండా ట్యూబ్‌లైటు. ముందే కొనుక్కున్న నల్లగుడ్డ పట్టీని కళ్లకు కట్టుకున్నాను. అలసిపోయి ఉన్నాను, రెప్పను మూసి ఉంచే టేపు వేయకుండానే పడుకున్నాను.

నడిరాత్రి కంట్లో ఇసుక పోసినట్టు మండి లేచాను. తెరిచి ఉన్న కంటికి గుడ్డ రాత్రంతా రాసుకుంది.

పొద్దున అక్కడి కంటి డాక్టరు పసుపురంగు మందుచుక్క వేసి, నీలి లైటు పెట్టి చూసింది. నల్లగుడ్డు పైపొర గీరుకుపోయింది. ఆమె తిట్టలేదు, కానీ గట్టిగానే చెప్పింది: "ముందు కన్ను మూయాలె, తర్వాతనే కప్పుకోవాలె. తెరిచిన కంటికి ఏదీ తగలొద్దు." ఆ మాట నేను ఈ జబ్బు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్తున్నాను.

ఆ రాత్రి ఆమె చూపించినట్టే చేశాను. చేతులు కడుక్కొని, కింది రెప్ప లోపల ఆయింట్‌మెంటు బియ్యపుగింజంత పెట్టి, కిందికి చూస్తూ వేలితో పై రెప్పను దించి, పేపరు టేపు అడ్డంగా వేశాను. అద్దంలో తెలుపు సన్నగా కూడా కనబడకూడదు. కనబడితే టేపు తీసి మళ్లీ వేయాలి, లేదంటే టేపే గుడ్డుకు రాసుకుంటుంది. వెంటిలేటరుకు, కిటికీకి శాంపిలుగా తెచ్చిన దర్రీలు బట్టల క్లిప్పులతో కట్టాను. మా నేత ఎంత మందమో ఆ రాత్రి చూశాను. మగ్గం మీద పోగు పక్కన పోగు గట్టిగా దిగ్గొట్టిన బట్ట, దీపం వెనక పెట్టినా చుక్క వెలుగు రాలేదు. తలుపు కింద లుంగీ మడిచి పెట్టాను. తెల్లారేదాకా లేవలేదు.

బస్సులో దర్రీ కట్టలేం కదా. దానికి దారి అమ్మ పెట్టెలో దొరికింది. శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఆమెకు ఇచ్చిన ప్లాస్టిక్ డొప్ప అది, చిన్న చిన్న రంధ్రాలతో గిన్నెలా వంగి ఉంటుంది. కంటి చుట్టూ ఎముక మీద ఆనుతుంది, కంటికి తగలదు. డాక్టరును అడిగి, సబ్బుతో కడిగి, బయటివైపు నల్లగుడ్డ కుట్టించాను. టేపు వేశాక దాని మీద ఈ డొప్ప, కుడికంటికి మామూలు పట్టీ. ఆదిలాబాద్ బస్సులో డ్రైవరు వైపు వరస వదిలి ఎడమ వరసలో, కిటికీకి దూరంగా కూర్చున్నాను. ఎదురొచ్చే లారీల హెడ్‌లైట్లూ తగ్గాయి, గాలీ తగ్గింది.

ఈ జబ్బు వచ్చిన పదిమందిలో సుమారు ఏడుగురికి మందు లేకుండానే పూర్తిగా నయమవుతుందని, స్టెరాయిడ్లతో ఇంకా ఎక్కువ మందికి అవుతుందని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. అయినా నాలుగు వారాలు ఏమీ కదలకపోతే ఆ లెక్క ధైర్యం ఇవ్వదు. అయిదో వారం పచ్చిపులుసు పోసుకుంటే అప్పటిదాకా రుచి తెలియని నాలుక ఎడమపక్క కూడా పులుపు తగిలింది. అన్నం ముందు కూర్చొని ఏడ్చాను. తర్వాత కనుబొమ్మ అదిరింది, తర్వాత చెంప. రెప్ప అన్నింటికంటే నెమ్మదిగా వచ్చింది. నా బిడ్డ రోజూ రాత్రి వచ్చి చూసి, "ఇంకా గింత సందున్నది" అని గోరు చూపించేది. ఆ సందు రోజురోజుకూ తగ్గింది.

ఉగాదికి వారం ముందు మళ్లీ మంచిర్యాల పోయాను, అదే లాడ్జిలో దిగాను. లైటు ఆర్పకముందు మంచం మీద పడుకొని, ట్యూబ్‌లైటు వైపు ముఖం తిప్పి, వేలు పెట్టకుండా రెండు కళ్లూ మూశాను. రెండింటిలోనూ ఒకటే ఎరుపు. కాసేపు అట్లనే ఉండి, లేచి వెంటిలేటరుకు దర్రీ కట్టాను.