శుక్రవారం సమ్మె, శనివారం రోమ్: అమ్మానాన్నలతో ఇటలీ రైళ్లలో

వెనిస్ నుంచి ఫ్లోరెన్స్, ఫ్లోరెన్స్ నుంచి రోమ్, ఆదివారం రోమ్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్. అమ్మానాన్నలతో అక్టోబర్‌లో చేసిన ఇటలీ ప్రయాణం ఇది, ఊరి నుంచి ఊరికి అంతా రైళ్లలోనే. టికెట్లు ముందే కొన్నాం కానీ, బయల్దేరే రోజు దగ్గరపడే కొద్దీ రోజూ పొద్దున్నే ఇంకో పని కూడా పెట్టుకున్నాను. ఇటలీ రవాణా మంత్రిత్వ శాఖ సమ్మెల పట్టిక తెరిచి చూడటం. అవును, అక్కడ సమ్మెల క్యాలెండర్‌ని ప్రభుత్వమే పెడుతుంది. ఏ రోజు ఎన్ని గంటలకు మొదలు, ఎప్పుడు ముగింపు, పిలుపునిచ్చిన సంఘాలు ఏవి, రైల్వేనా సిటీ బస్సులా విమానాలా, దేశమంతానా ఒక్క ప్రాంతమేనా, అన్నీ వరసగా ఉంటాయి. ఫోన్‌లో అనువాదం నొక్కితే చాలు, అర్థమైపోతుంది.

ఒకరోజు ఆ పట్టికలో కొత్త వరస కనిపించింది. గురువారం రాత్రి 9 నుంచి శుక్రవారం రాత్రి 9 వరకు, రైల్వే, దేశవ్యాప్తం. మేము ఫ్లోరెన్స్ నుంచి రోమ్ వెళ్లాల్సింది సరిగ్గా ఆ శుక్రవారం మధ్యాహ్నమే.

అమ్మకు చెప్పగానే టెన్షన్ పడింది, ట్రిప్పు వాయిదా వేసుకుందామా అంది. అక్కర్లేదని ధైర్యంగా చెప్పగలిగానంటే అక్కడి పద్ధతి తెలుసు కాబట్టే. ఇటలీ రాజ్యాంగంలోని 40వ అధికరణం సమ్మె హక్కు ఇస్తుంది, అది చట్టం గీసిన హద్దుల్లో జరగాలని కూడా అదే చెబుతుంది. ఆ హద్దులు 1990లో వచ్చిన 146వ నంబరు చట్టంలో ఉన్నాయి. రైళ్లు, ఆసుపత్రుల లాంటి అత్యవసర సేవల్లో సమ్మె చేయాలంటే కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మొదలయ్యే సమయం, అయిపోయే సమయం ప్రకటించాలి, ఆ రోజు కూడా కొన్ని సర్వీసులు నడపాలి. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా లోకల్, ప్రాంతీయ రైళ్లలో తప్పనిసరి సర్వీసులు ఉంటాయి, ఆఫీసులకు, బడులకు పోయేవాళ్ల కోసం. దూరప్రయాణాలకు వేరే లిస్టు ఉంది, సమ్మె ఉన్నా కచ్చితంగా నడిచే రైళ్ల నంబర్లతో. అక్కడి ప్రభుత్వ రైలు కంపెనీ ట్రెనిటాలియా వాళ్ల సైట్‌లో ఆ లిస్టు ఎప్పుడూ దొరుకుతుంది. ఒక్కోసారి సమ్మె 24 గంటలు కాకుండా పొద్దున 9 నుంచి సాయంత్రం 5 లోపే పెడతారు. అలాంటి రోజున పొద్దున్నే లేచి బయల్దేరితే సమ్మె తగలనే తగలదు.

ఆ వరసలో నేను జాగ్రత్తగా చూసేది సంఘాల పేర్లు. సీజీఐఎల్, సీఐఎస్ఎల్, యూఐఎల్ అనే మూడు పెద్ద సమాఖ్యలకు అనుబంధంగా ఉన్న రవాణా సంఘాలన్నీ కలిసి పిలుపునిస్తే దెబ్బ గట్టిగా ఉంటుంది. చిన్న సంఘం ఒక్కటే పిలిస్తే హైస్పీడ్ రైళ్లు చాలావరకు తిరుగుతాయి. ఎవరు సమ్మెలో ఉన్నారన్నదీ ముఖ్యమే. డ్రైవర్లు, గార్డులయితే ఆ కంపెనీ రైళ్లే ఆగుతాయి, సిగ్నళ్లు చూసే సిబ్బంది ఆగిపోతే ఏ కంపెనీ రైలయినా కదలదు. పైగా ఆఖరి రోజుల్లో సమ్మె విరమించుకోవడం కూడా మామూలే, అందుకే నోటీసు కనపడగానే హోటళ్లు రద్దు చేసుకోవడం నా దృష్టిలో తొందరపాటు.

10 రోజుల నోటీసుకు ఒక మినహాయింపు ఉంది, అది తెలుసుకోవడం అవసరం. కార్మికుల ప్రాణాలకు, భద్రతకు ముప్పు తెచ్చిన తీవ్రమైన ఘటన జరిగితే, నిరసనగా వెంటనే సమ్మె చేయడానికి అదే చట్టం ఒప్పుకుంటుంది. 2024 నవంబర్‌లో జెనోవా దగ్గర రైల్లో డ్యూటీలో ఉన్న గార్డును కత్తితో పొడిచారు, మర్నాడే దేశమంతా 8 గంటల సమ్మె జరిగింది. దానికి ఏ క్యాలెండరూ పనికిరాదు, చేతిలో ఖాళీగా ఒక రోజు ఉండటం ఒక్కటే మార్గం. అందుకే ఇంటికెళ్లే ఫ్లైట్ ఉన్న రోజునే వేరే ఊరి నుంచి రైల్లో రావడం అనేది నా ప్లాన్‌లో ఎప్పుడూ పెట్టను.

మొత్తానికి రోమ్ ప్రయాణం శనివారం పొద్దునకు మార్చాను. సమ్మె ప్రకటించాక దూరప్రయాణపు రైలయితే బయల్దేరే సమయం దాకా పూర్తి డబ్బులు వాపసు అడగొచ్చు, లేదా వీలైనంత త్వరగా ఇంకో రైలుకు మార్చుకోవచ్చు, రిఫండ్ లేని చవక టికెట్ అయినా సరే. ప్రాంతీయ రైలుకైతే ముందురోజు అర్ధరాత్రి లోపే అడగాలి. ఫ్లోరెన్స్‌లో ఒక రాత్రి పెరిగింది, రోమ్‌లో ఒకటి తగ్గింది. ఫ్లోరెన్స్ అయితే చూడాల్సినవన్నీ నడక దూరంలోనే ఉంటాయి కాబట్టి, రైళ్లు ఆగే రోజు ఊరు కదలకుండా ఉండటానికి అంతకన్నా మంచి ఊరు లేదు. వెనిస్‌లోనే అదే రోజు పడుంటే అక్కడ సిటీ బస్సుల్లా తిరిగే పడవల సంగతి కూడా చూసుకోవాల్సి వచ్చేది. రోమ్‌లోనైతే మెట్రో, బస్సుల సమ్మె కూడా కలిసిందేమో వేరే వరసలో వెతకాలి, అక్కడ సమ్మె రోజు సర్వీసు తప్పనిసరిగా ఉండేది పొద్దున 8:30 దాకా, మళ్లీ సాయంత్రం 5 నుంచి 8 దాకా.

గురువారం రైలు కూడా మార్చాను. మాది రాత్రి 7:20కి వెనిస్‌లో బయల్దేరి 9:40కి ఫ్లోరెన్స్ చేరేది. సమ్మె మొదలయ్యేసరికి దారిలో ఉన్న రైలు, గంటలోపు గమ్యం చేరేటట్టయితే ఆగకుండా చేరుస్తుంది, లేకపోతే మధ్యలో ఏదో స్టేషన్లో ఆపేయొచ్చు. లెక్క ప్రకారం మాది చేరుతుంది. కానీ అరగంట లేటయితే? దారిలో వచ్చే బోలోన్యాలో రాత్రిపూట రెండు పెద్ద సూట్‌కేసులతో, డెబ్బై దగ్గరపడ్డ ఇద్దరితో దిగాల్సివస్తే? మధ్యాహ్నం రైలు పట్టుకున్నాం, చీకటి పడకముందే హోటల్లో ఉన్నాం.

శుక్రవారం పొద్దున డ్యూమో అనే పెద్ద చర్చి చూసి, ఆర్నో నది ఒడ్డున కాసేపు కూర్చుని, అమ్మ తెచ్చిన కారప్పూస, టమాటాలు పెట్టిన బ్రెడ్డు తిన్నాక నాన్న స్టేషన్‌కు పోదామన్నారు. రైలేమీ లేదు కదా నాన్నా అంటే, అందుకే చూడాలె అన్నారు.

ఫ్లోరెన్స్ పెద్ద స్టేషన్ సాంతా మరియా నోవెల్లాలో పట్టాలు అక్కడితో అయిపోతాయి, మన నాంపల్లిలాగే. ప్లాట్‌ఫారాల ముందు పెద్ద బోర్డు. సగానికి పైగా వరసల పక్కన ‘కాన్చెల్లాతో’ అని, అంటే రద్దు అని పడింది, వాటి మధ్యలో రోమ్‌కు ఒకటి, మిలాన్‌కు ఒకటి టైముకే బయల్దేరుతున్నట్టు చూపిస్తోంది. ఎక్కడా తోపులాట లేదు, కేకల్లేవు. సహాయ కేంద్రం దగ్గర ఒకామె పిల్లాడిని ఎత్తుకుని నిలబడితే, కౌంటర్లో ఉన్నతను ప్రింట్ తీసిన కాగితం మీద ఒక రైలు నంబరు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, దాని కింద ప్లాట్‌ఫారం కూడా రాసిచ్చాడు. బయట మెట్ల దగ్గర ఇద్దరు ముగ్గురు కార్మికులు కరపత్రాలు పంచుతున్నారు. నాన్న ఒకటి అడిగి తీసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. రూముకొచ్చాక ఫోన్‌తో చదివి వినిపించాను. డ్యూటీ గంటలు, రెండు డ్యూటీల మధ్య విశ్రాంతి, కొత్త వేతన ఒప్పందం. “అప్పుడు మనోళ్లు అడిగింది కూడా ఇదే కదా బిడ్డా” అన్నారు నాన్న.

అప్పుడు అంటే 1974. మే 8న మొదలై 20 రోజులు సాగిన మన రైల్వే సమ్మె, జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో సుమారు 17 లక్షల మంది దిగిన సమ్మె. డ్యూటీ 8 గంటలే ఉండాలన్నది, జీతాలు పెంచాలన్నది వాళ్ల డిమాండ్లు. వేలమందిని అరెస్టు చేశారు, ఉద్యోగాలు తీసేశారు, కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. మా తాతయ్య కాజీపేట లోకో షెడ్డులో ఫైర్‌మన్. నాన్నది అప్పుడు బడికి పోయే వయసు. ఆ సమ్మె జరిగినన్నాళ్లూ తాతయ్య ఒక్క రాత్రి కూడా ఇంట్లో పడుకోలేదట, నానమ్మ సద్ది కట్టి ఎవరో ఒకరి చేత పంపేదట. ఈ సంగతి నాన్న ఇంతకుముందు ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. “పది రోజుల ముందు చెప్పి, సర్కారు బోర్డు మీద పెట్టి, జైలుకు పోకుండ సమ్మె చేసుడు... మంచిగుంది” అని చాలాసేపు అదే మాట్లాడారు. నాకైతే ఆ రోజు రోమ్‌లో గడవలేదన్న బాధ అక్కడితో పోయింది. మన ట్రిప్పు ఒక పూట అటూ ఇటూ అవుతుంది, రాత్రిళ్లు రైలు నడిపేవాళ్లకు నిద్ర లేకపోతే వెనకాల కూర్చున్న వందల మంది ప్రాణాల సంగతి అది. సమ్మె చేసేవాళ్లను తిట్టుకుంటూ తిరిగే టూరిస్టులను చూస్తే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

శనివారం రైలు టైముకే వచ్చింది. గంటన్నరలో రోమ్. కొలోసియం, ట్రెవీ ఫౌంటెన్ దగ్గర జనం, అన్నీ అందరూ రాసేవే. ఆదివారం రోమ్ పెద్ద స్టేషన్ టెర్మినీ నుంచి ఫియుమిచీనో ఎయిర్‌పోర్టుకు లియొనార్డో ఎక్స్‌ప్రెస్, 32 నిమిషాల ప్రయాణం. సమ్మె రోజైతే దాని బదులు బస్సులు వేస్తారు, ఆ బస్సులకు రోడ్డు మీద ఎక్కువ టైమ్ పడుతుంది, ఫ్లైట్ ఉంటే ఆ మేరకు ముందే బయల్దేరాలి.

ఇప్పుడు మా చిన్నత్త వాళ్లు మేలో పారిస్ వెళ్తున్నారు, అక్కడి నుంచి లియోన్‌కు రైలు. ఫ్రాన్స్ పద్ధతి కొంచెం వేరు. అక్కడ 2007 నాటి చట్టం ప్రకారం రైళ్లు నడవడానికి అవసరమైన సిబ్బంది, తాము సమ్మెలో ఉంటామని ఎవరికి వారే 48 గంటల ముందు చెప్పాలి. దాన్నిబట్టి ఏ రైళ్లు ఉంటాయో తేల్చి ముందురోజు సాయంత్రం చెబుతారు. కాబట్టి లియోన్ వెళ్లే ముందురోజు సాయంత్రం 5 దాటాక ఫోన్‌లో రైలు నంబరు కొట్టి చూసుకోమని, లియోన్ హోటల్ ఉచితంగా రద్దు చేసుకునేదే తీసుకోమని అత్తకు చెప్పాను. రెండోది ఇప్పటికే చేసేసింది.