తోక తెగిన వాక్యాలు – నా అనుభవం

ఇంగ్లీషు వాక్యాల చివర వచ్చే చిన్న మాటల వెంట నేను పడటం ఒక మెయిల్‌తో మొదలైంది. మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో ఏదో సమస్య వచ్చింది. అవతలి కంపెనీలో ఎవరిని అడగాలో మాకు తెలియదు. "మాకు మాట్లాడటానికి ఎవరూ లేరు" అని చెప్పాలనుకుని "వి హ్యావ్ నోబడీ టు టాక్" అని రాసి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది. మీటింగులో మీ తరఫున మాట్లాడేవాళ్లు లేకపోయినా ఫర్వాలేదు, మా మనిషే మాట్లాడతాడు అని. మేం అడిగిందొకటి, వాళ్లకు అర్థమైంది ఇంకొకటి. ఆ గందరగోళం తేలేసరికి రెండు రోజులు పోయాయి. మా మేనేజర్ గారు నా మెయిల్ చదివి చివర ఇంకో "టు" చేర్చారు: "నోబడీ టు టాక్ టు." అంతే తేడా.

ఆ రెండో "టు" గురించి చాలా రోజులు ఆలోచించాను. నా తెలుగు వాక్యాన్నే మళ్లీ చదువుకున్నాను. "మాట్లాడటానికి ఎవరూ లేరు." ఇందులో రెండర్థాలూ ఉన్నాయి. మన తరఫున మాట్లాడే మనిషి లేడనీ అనుకోవచ్చు, మనం వెళ్లి మాట్లాడేందుకు అవతల ఎవరూ లేరనీ అనుకోవచ్చు. తెలుగులో సందర్భాన్ని బట్టి మనకే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ పని చివరి "టు" చేస్తుంది.

అప్పటికి నా దగ్గర ఫ్రేజల్ వెర్బుల జాబితాలు, అంటే క్రియ పక్కన అప్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే వాటి జాబితాలు, చాలానే ఉన్నాయి. గివ్ అప్ అంటే మానేయడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, ఇలా వందల కొద్దీ బట్టీ పట్టాను. అవి నాకు పెద్దగా ఉపయోగపడలేదు. జాబితాలో క్రియ ఒంటరిగా ఉంటుంది. మనుషులు మాట్లాడేటప్పుడు మాత్రం చాలాసార్లు అది ఒక నామవాచకం వెనకాల వస్తుంది: "ఎ ఫామ్ టు ఫిల్ ఇన్", "లోన్స్ టు పే ఆఫ్", "నో టైమ్ టు క్యాచ్ అప్." అందుకని జాబితాలు పక్కనపెట్టి, నాకొచ్చే మెయిళ్లలో ఇలాంటివి కనిపించినప్పుడల్లా నామవాచకంతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను.

ఒక నెల రాశాక అసలు విషయం తట్టింది. నా తప్పులు ఇంగ్లీషు రాక వచ్చినవి కావు, తెలుగు బాగా వచ్చినందువల్ల వచ్చినవి. మనం కుర్చీ మీద కూర్చుంటాం, కానీ "కూర్చునే కుర్చీ" అంటాం. ఆ "మీద" ఏమైంది? పెన్నుతో రాస్తాం, "రాసే పెన్ను" అంటాం. మనిషి మీద ఆధారపడతాం, "ఆధారపడే మనిషి" అంటాం. తెలుగులో క్రియ ముందుకొచ్చి నామవాచకానికి విశేషణంగా మారగానే మీద, తో, కోసం లాంటివన్నీ రాలిపోతాయి. అది మన భాషలో ఉన్న పొదుపు, నాకది చాలా ఇష్టం. ఇంగ్లీషులో నామవాచకం ముందుకు వెళ్లిపోతుంది కానీ దాని ప్రిపొజిషన్ (మన మీద, తో లాంటి పని చేసే ఆన్, విత్, టు లాంటి మాట) ఉన్నచోటే ఉండిపోతుంది: "ఎ చెయిర్ టు సిట్ ఆన్", "ఎ పెన్ టు రైట్ విత్." నేను తెలుగులో రాల్చినట్టే ఇక్కడా రాల్చేస్తున్నాను.

ఫ్రేజల్ వెర్బుల దగ్గరకొచ్చేసరికి ఇంకో చిక్కు. "గివ్ అప్"లో "అప్" నామవాచకానికి చెందింది కాదు, క్రియలో భాగం. మన "ఆగిపో"లో "పో" ఎటో వెళ్లమని చెప్పదు, "మానేయి"లో "వేయి"కి దేన్నీ వేయడంతో సంబంధం లేదు. అలాగే ఈ "అప్"కి పైకీ కిందికీ సంబంధం లేదు. ఈ పోలిక దొరికాక నాకు సగం భయం పోయింది. కొన్నిటికి రెండూ ఉంటాయి. "సమ్‌వన్ టు లుక్ అప్ టు" అంటే మనం గౌరవంతో ఆదర్శంగా తీసుకోదగ్గ మనిషి. ఇందులో "అప్" క్రియది, చివరి "టు" ఆ మనిషిది. ఆ "టు" తీసేస్తే వివరాలు వెతికి పట్టుకోవాల్సిన మనిషి అయిపోతాడు. "లుక్" ఒక్కదాని వెనకే ఎన్ని తోకలో చూడండి. "ఎట్" ఉంటే చూడాల్సిన ఫైలు, "ఫర్" ఉంటే వెతకాల్సిన ఫైలు, "ఇంటూ" ఉంటే విచారించాల్సిన ఫిర్యాదు, "ఆఫ్టర్" ఉంటే కనిపెట్టుకుని ఉండాల్సిన బిడ్డ. తోక తెగితే ఇవేవీ మిగలవు.

అప్పటినుంచి రాసిన ప్రతిదాన్నీ తిప్పి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. "ఎ ఫామ్ టు ఫిల్ ఇన్" అని రాస్తే, మనసులో "ఐ ఫిల్ ఇన్ ది ఫామ్" అనుకుంటాను. వాక్యం కుదిరితే, ఫామ్ ఒక్కటీ తీసి ముందు పెట్టి మిగతాదంతా అలాగే వదిలేస్తాను. ఫామ్ ముందుకు వెళ్లిపోయింది కాబట్టి వెనక "ఇట్" పెట్టకూడదు. ఆ తప్పు కూడా చాలాసార్లు చేశాను, "ఎ ఫామ్ టు ఫిల్ ఇట్ ఇన్" అని.

ఆ "ఇట్" మానేశాక సరిగ్గా ఎదురు దిక్కులో చిక్కుకున్నాను. "ఎ ఛాన్స్ టు గివ్ ఇట్ అప్" అని ఎవరో రాస్తే తప్పనుకున్నాను. అది తప్పు కాదు. మానేసేది ఛాన్సుని కాదు, వేరే దేన్నో. తిప్పి చూస్తే తెలుస్తుంది: "ఐ గివ్ అప్ ది ఛాన్స్" అన్నది ఇక్కడ చెప్పదలుచుకున్న మాట కాదు. ఛాన్స్, డెసిషన్, ప్లాన్ లాంటి మాటల తర్వాత వచ్చేది చాలాసార్లు ఆ ఛాన్సులో, ఆ నిర్ణయంలో ఏముందో చెప్పే భాగం. ఈ జంట చూడండి. "ఎ డెసిషన్ టు పుట్ ఆఫ్" అంటే వాయిదా వేయాల్సిన నిర్ణయం. "ఎ డెసిషన్ టు పుట్ ఇట్ ఆఫ్" అంటే దేన్నో వాయిదా వేద్దామన్న నిర్ణయం. ఒక్క "ఇట్"తో అర్థం మొత్తం మారిపోయింది. ఈ జంటను అర్థం చేసుకోవడానికి నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది, కానీ అది పట్టుబడ్డాక ఇంక పెద్దగా తడబడలేదు.

"టు"ని ఒప్పుకోని నామవాచకాలూ ఉన్నాయి. "హ్యాబిట్ ఆఫ్ పుటింగ్ థింగ్స్ ఆఫ్", "రిస్క్ ఆఫ్ రన్నింగ్ అవుట్." వీటిని విడిగా గుర్తుపెట్టుకోవడమే. డిసైడ్ నుంచి వచ్చిన డెసిషన్, రెఫ్యూజ్ నుంచి వచ్చిన రెఫ్యూజల్, ఫెయిల్ నుంచి వచ్చిన ఫెయిల్యూర్ మాత్రం తమ క్రియల్లాగే "టు"ని వెంట తెచ్చుకుంటాయి.

మధ్యలో ఒక సీనియర్, వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండటం మంచి ఇంగ్లీషు కాదన్నారు. టెన్షన్ వచ్చి కొన్నాళ్లు "టు హూమ్", "విత్ విచ్" అని బిగించి రాశాను. తర్వాత తెలిసింది, ఈ అభ్యంతరం 1672లో కవి జాన్ డ్రైడెన్ లేవనెత్తినదని. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ కూడా, గంభీరమైన రచనకు అలా రాయకపోవడమే మేలన్నా, మామూలు సంభాషణలో ఇది ఇంగ్లీషుకు సహజమని ఒప్పుకున్నాడు. అయినా "గివ్ అప్"లో "అప్"ని ముందుకు లాగడం ఎలాగూ కుదరదు, అది క్రియలో భాగం కాబట్టి. 1755లో తన నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్, విదేశీయులకు అన్నిటికన్నా కష్టమయ్యేవి ఇలాంటి క్రియలేనని రాశాడు. ఆ మాట చదివిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది.

మాట్లాడేటప్పుడు ఒత్తు విషయంలో, అంటే ఏ భాగాన్ని గట్టిగా పలకాలన్న విషయంలో, ఇంకా జాగ్రత్త పడుతున్నాను. "టైమ్ టు లాగ్ ఇన్"లో "ఇన్" మీద ఒత్తు పడుతుంది, అదే ఒక్క మాటగా "లాగిన్ టైమ్" అన్నప్పుడు "లాగ్" మీద పడుతుంది.

ఈ మధ్య అదే కంపెనీకి ఇంకో మెయిల్ రాయాల్సొచ్చింది. మా ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో ఎవరిని కనుక్కోవాలో అడగాలి. "ఈజ్ దేర్ సమ్‌వన్ టు ఫాలో అప్ విత్?" అని రాశాను. "విత్" లేకపోతే, ఫాలో అప్ చేసే మనిషిని మేమే అడుగుతున్నట్టు అవుతుంది. పంపే ముందు ఒకసారి తిప్పి చూసుకున్నాను: "ఐ ఫాలో అప్ విత్ సమ్‌వన్." కుదిరింది. గంటలో ఒక పేరు, ఫోన్ నంబరు వచ్చాయి.