ఏ రోజు నుంచి ఎన్నారై?

"మీరు ఎన్నారై కదా సార్. ఇన్నేళ్లుగా ఈ ఖాతా ఎట్లా వాడుకుంటున్నారు? ఇది తప్పు."

కౌంటర్ అవతల ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. అయినా నా వెనక లైన్లో ఉన్న పదిమందీ నా వైపే చూసినట్టు అనిపించింది. కడపలో ఆ బ్యాంకుకు నేను పోయింది చిన్న పనికి. కేవైసీ చేయించలేదని ఖాతా ఆపేశారు, ఆధార్ జిరాక్సు ఇచ్చి పది నిమిషాల్లో బయట పడదామనుకున్నాను. ఫారంలో వృత్తి అన్న చోట నేనే 'స్టోర్ కీపర్, కువైట్' అని రాసిచ్చాను. అబద్ధం రాసుంటే ఆ రోజు కారం దోశ తిని ఇంటికి పోయేవాణ్ణి.

నన్ను ఎన్నారై అని పిలిచిన మనిషి ఆయమ్మే మొదలు. మా వైపు ఎన్నారై అంటే అమెరికాలో సాఫ్ట్‌వేర్ చేసేవాడు. ఊరికొస్తే బడికి బెంచీలు ఇస్తాడు, ఫ్లెక్సీలో ఫొటో వేయించుకుంటాడు. మేము 'కువైట్‌కు పోయినోళ్లం'. కడప, రాయచోటి, రాజంపేట, బద్వేలు ఎక్కడ అడిగినా మాకు అదే పేరు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మా పాప కూడా అదే అడిగింది: "ఎన్నారై అంటే అమెరికా కదా నాన్నా?"

చట్టానికి ఆ తేడా లేదంట. విదేశీ డబ్బు లావాదేవీల మీద 1999లో చేసిన ఫెమా చట్టం ప్రకారం ఉద్యోగం కోసం దేశం దాటినవాడు దాటిన రోజు నుంచే ప్రవాసి, అంటే ఎన్నారై. ఇంటి డ్రైవరైనా డాక్టరైనా ఒకటే. అప్పటిదాకా ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నారోగా, అంటే ప్రవాసి తన ఇక్కడి డబ్బులకు పెట్టుకునే ఖాతాగా, మార్పించుకోవాలి. పోతున్నానని బ్యాంకుకు చెప్పాల్సింది కూడా మనమే. నాకెవరు చెప్పారు? ఏజెంటు చెప్పలేదు, డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. కువైట్‌లో డబ్బులు పంపే ఎక్స్ఛేంజీ వాడు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు అడిగాడే గానీ అది ఏ రకం ఖాతా అని ఏనాడూ అడగలేదు.

పోనీ అని వదిలేయొచ్చు. కానీ ఆ అమ్మాయి కంప్యూటర్ వైపు చూస్తూ ఇంకో ముక్క అంది. "ఫెమాలో జరిమానా మొత్తానికి మూడింతల దాకా ఉంటుంది సార్, తెలుసా?" ఆ రాత్రి ఆ 'మూడింతలు' నన్ను నిద్రపోనివ్వలేదు. ఖాతాలో ఉన్నది 3 లక్షల 40 వేలు. మూడింతలంటే 10 లక్షల 20 వేలు. దినారు 280 రూపాయల లెక్కన 3,640 దినార్లు. నా జీతం 180. అంటే 20 నెలలు తిండి, గది అద్దె ఏమీ లేకుండా పనిచేయాలి. ఫోన్‌లో క్యాలుక్యులేటర్ తీసి రెండుసార్లు వేశాను, లెక్క తప్పుతుందేమోనన్న ఆశతో. తెల్లారి ఇంకో బ్యాంకులో పనిచేసే మా బావమరిది నవ్వాడు. "అది హవాలా కేసుల కోసమప్పా. నీలాంటోళ్లకు ఖాతా మార్చి ఇస్తారు, అంతే." అప్పుడు భయం పోయి కోపం మొదలైంది.

కోపం ఎందుకో మీకు చెప్పాలి, నాకూ చెప్పుకోవాలి.

కువైట్‌లో నేను 11 ఏళ్లు ఇంటి డ్రైవర్ని, ఇళ్లలో పనిచేసేవాళ్లకిచ్చే 20వ నంబరు వీసా. ఆ 11 ఏళ్లలో నాకు అక్కడ బ్యాంకు ఖాతా లేదు. సేటు మంచోడే. నెల మొదటి గురువారం కారు కడుగుతున్నప్పుడు కిటికీలోంచి కవరు అందించేవాడు, ఒక్కోసారి ఆయన మర్చిపోతే మదామ్ ఇచ్చేది. ఒకసారి నేనే బ్యాంకుకు పోయి అడిగితే జీతం సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇంట్లో పనిచేసేవాడికి సర్టిఫికెట్ ఎవరిస్తారు? కవరు తీసుకుని శుక్రవారం కువైట్ సిటీలోని మాలియా పోవడం, ఎక్స్ఛేంజీ ముందు లైన్లో నిలబడి బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, చూపించడం, రసీదు మడిచి పర్సులో పెట్టుకోవడం, అదే నా బ్యాంకు. 2013లో దినారు 200 రూపాయలకు అటూ ఇటూ ఉండేది, ఎండలో నిలబడి బోర్డు మీద రేటు రెండు పైసలు పెరిగిందా అని చూసేవాళ్లం.

2024లో జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇళ్లలో పనిచేసేవాళ్లు కంపెనీ వీసాకు, అంటే షోన్‌కు మారొచ్చని గేటు తీశారు. సేటు సంతకం పెట్టాడు, మారాను. పదిహేను రోజుల్లో కంపెనీ మందూబ్, అంటే కాగితాల పనులు చూసే మనిషి, నన్నూ ఇంకో ఇద్దరినీ బ్యాంకుకు తీసుకుపోయాడు. ఒక సంతకం, ఒక ఫొటో. కేనెట్ కార్డు, అంటే అక్కడి ఏటీఎం కార్డు, చేతికొచ్చింది. 11 ఏళ్లు లేని మనిషిని ఒక పూటలో ఉన్నాననిపించారు. ఆ కార్డును గదిలో అందరికీ చూపించాను, సిగ్గేసింది గానీ చూపించాను.

అందుకే కడపలో ఆ మాట గుచ్చుకుంది. ఆ 11 ఏళ్లూ కువైట్ బ్యాంకుల్లో నేను లేను, అప్పుడు నా పేరున ఒక ఖాతా ఉన్నది ఈ ఊళ్లో ఒక్కటే. అది కూడా తప్పు ఖాతా అంట. నిజం చెప్పాలంటే అక్కడి బ్యాంకు తెరిచింది నన్ను చూసి కాదు, కంపెనీ కాగితం చూసి. ఇక్కడ ఆ అమ్మాయి చూసింది కూడా కాగితమే. అది నాకు రెండు రోజుల తర్వాత తట్టింది.

మళ్లీ పోయినప్పుడు లైను లేదు. ఆ అమ్మాయి కుర్చీ చూపించి నెమ్మదిగా చెప్పింది. కర్నూలు వైపు మనిషి, మాట తీరును బట్టి. ఎన్నారోలో ఇక్కడి డబ్బులు, అంటే మా రెండెకరాల కౌలు లాంటివి వేసుకోవాలి. దాని వడ్డీ మీద 30 శాతం, ఆపైన సెస్సు ముందే కోసేస్తారు. కువైట్ నుంచి పంపేది ఎన్నారీలో, అంటే బయటి సంపాదనకు ఉండే ప్రవాసి ఖాతాలో, వేసుకుంటే వడ్డీకి ఇక్కడ ఇన్‌కమ్‌ట్యాక్స్ లేదు, ఆ సొమ్మును ఎప్పుడైనా తిరిగి బయటికి తీసుకుపోవచ్చు. "మీరు ఇన్నేళ్లు ఎన్నారీలో వేసుంటే లాభపడేవాళ్లు సార్" అంది. తిట్టినప్పటి కన్నా ఆ మాటకే ఎక్కువ బాధేసింది.

తర్వాత అడిగింది: "మరి ఇన్నేళ్లు ఇక్కడ డబ్బులు ఎవరు తీసేవాళ్లు?"

నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. మా ఆవిడ. నా ఏటీఎం కార్డుతో. పిన్ మా పెళ్లి రోజు. కడప జిల్లాలో కువైట్ మొగుళ్ల ఏటీఎం కార్డులు వంటింట్లో పప్పుల డబ్బాలోనే ఉంటాయి, ఇది ఎవరికి తెలియదు? నా ఇండియా సిమ్ కూడా కువైట్‌లో ఊరికే రీఛార్జ్ చేయించి పెట్టుకుంది ఓటీపీల కోసమే. 2023లో పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్నారైలు యూపీఐ వాడుకోవచ్చని ప్రకటించినప్పుడు గదిలో అందరం ఆశగా చదివాం. ఖతార్ ఉంది, ఒమన్ ఉంది, సౌదీ ఉంది, కువైట్ లేదు.

మా ఆవిడ డబ్బులు తీసుకోవడానికీ దారి ఉందని ఆ అమ్మాయి చెప్పింది. ఎన్నారీలో దగ్గరి బంధువును రెండో పేరుగా పెట్టుకోవచ్చు. కానీ మొదటి మనిషి బతికున్నంత కాలం ఆ రెండో పేరుకు సొంతంగా తీసే హక్కు రాదు. నేను ఒక కాగితం రాసిస్తే మా ఆవిడ ఇక్కడి ఖర్చులకు తీసుకోవచ్చు. లేదంటే ఆమెకున్న సొంత ఖాతాకే నేరుగా పంపొచ్చు, భార్యకు పంపితే తప్పేమీ లేదు. ఆమెకు ఖాతా ఉందా అంటే ఉంది, పదేళ్ల కింద జన్‌ధన్‌లో తీసింది, పైసా లేకుండా తెరిచే ఖాతా. పొదుపు సంఘం డబ్బులు తప్ప అందులో ఏమీ పడలేదు. ఇంత తేలికైన పని ఇన్నేళ్లు ఎందుకు చేయలేదో చెప్పలేను. మనసులో ఎక్కడో ఖాతా అంటే మగవాడి పేరునే ఉండాలనుకున్నానేమో.

ఆ మాట రాస్తుంటే మా వీధిలో ఒకామె గుర్తొస్తోంది. ఖద్దామాగా పోయింది, అంటే ఇంటి పనికి. 30 ఏళ్ల లోపు ఆడమనిషిని ఆ పనికి పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన. ఆమెకు అప్పుడు 24. ఏజెంటు పాస్‌పోర్టులో 32 వేయించాడు. ఖాతా లేదు, ఆధార్ ఇంకా ఊరికి రాలేదు, నెలనెలా అన్న ఖాతాకే పంపింది. తిరిగొచ్చేసరికి అన్న ఇంటి మీద ఇంకో అంతస్తు లేచింది, పట్టా అన్న పేరునే. ఆమె చేతిలో మిగిలింది వయసు తప్పున్న పాస్‌పోర్టు. దాన్ని బ్యాంకులో చూపించడానికి భయం. అప్పుడు ఎవరో చెబితే చిన్న ఖాతా తెరిచింది. ఏ గుర్తింపు కాగితం లేనివాళ్లకు ఫొటో పెట్టి, అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేస్తే తెరుస్తారు. అందులో 50 వేలకు మించి ఉండకూడదు, ఏడాదికి లక్ష కన్నా ఎక్కువ వేయకూడదు, నెలకు 10 వేలకు మించి తీయకూడదు. 12 నెలలకు ఒక గడువు. ఆ లోపు ఏదైనా గుర్తింపు కోసం అర్జీ పెట్టినట్టు చూపిస్తే ఇంకో 12 నెలలు. ఆమె ముందు ఆధార్ తీసుకుంది, తర్వాతే ఊపిరి పీల్చుకుంది. పోకముందే ఒక ఖాతా ఉండుంటే అన్న ఇంటి కింద నిలబడి ఆ అంతస్తు వైపు చూసే గతి తప్పేది.

మా పాపకు 11. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగానే ఖాతా తెరిచి నడుపుకోవచ్చని 2025 ఏప్రిల్లో రిజర్వు బ్యాంకు చెప్పింది, బ్యాంకులు తమ తమ పరిమితులు పెట్టుకోవచ్చు. పాపకు తీద్దామంటే మా ఆవిడ ఒప్పుకుంది, నామినీగా ఎవరి పేరు రాయాలో పాప ఇంకా తేల్చలేదు.

మా అమ్మ సంగతే వేరు. పింఛను నెల మొదటి రోజు గడప దగ్గరికే తెచ్చిస్తారు. బ్యాంకులో ఆమెది వేలిముద్ర ఖాతా, ఫొటో అతికించిన పాస్‌బుక్. నేను జరిగింది చెబితే మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. "ఏమంటాందిరా ఆయమ్మ? నువ్వు ఈడ ఉండనోడివంటనా?" కాగితం మీద అంతేనమ్మా అన్నాను. "ఇల్లు ఈడ, పెండ్లాం ఈడ, నేను ఈడ. మరి యాడుంటాండావు?" అంది.

సమాధానం చెప్పకుండా బయటికి పోయాను. సెలవులకు వచ్చిన కువైట్ వాళ్లందరిలాగా.

ఆఖరి రోజు ఎన్నారో మార్పిడి ఫారం, ఎన్నారీ ఫారం రెండూ నింపాను. పాస్‌పోర్టు, వీసా, బతాకా, పాన్ జిరాక్సులు. సంతకం ఆరు చోట్ల. కువైట్‌కు తిరిగిపోయి అక్కడి నుంచి పంపాలంటే ఎంబసీలోనో నోటరీ దగ్గరో ముద్ర వేయించాలంట, ఇక్కడైతే అసలు కాగితాలు చూపిస్తే చాలు. తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోయిన రోజు మళ్లీ మామూలు ఖాతాగా మార్చుకోవాలని కూడా చెప్పింది. "అప్పుడు మర్చిపోకండి సార్." ఆ అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను.

ఫారంలో ఒక్క గడి మిగిలింది. ప్రవాసిగా మారిన తేదీ.

"ఏ రోజు పోయారు సార్ మొదటిసారి?"

2013 అన్నాను. నెల మార్చి. తేదీ రాలేదు. మొదటి పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియదు. చెన్నైలో విమానం ఎక్కింది గుర్తుంది, కడప స్టేషన్లో రాత్రి రైలు గుర్తుంది, అమ్మ కట్టిచ్చిన వేరుశెనగ పొడి గుర్తుంది. తేదీ మాత్రం లేదు. ఇంటికి ఫోన్ చేశాను, మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"శివరాత్రికి ముందురోజు కదా బావా. శనివారం."

ఆ అమ్మాయి ఫోన్‌లో 2013 క్యాలెండర్ తీసి చూసింది. శివరాత్రి మార్చి 10, ఆదివారం. గడిలో 09-03-2013 అని తనే రాసి, పక్కన చిన్న సంతకం పెట్టమని ఫారం నా వైపు తిప్పింది.