కరెంటు కంపెనీది, అరగంట నాది

ఇక్కడ నాది లిఫ్టుల రిపేరు పని. కంపెనీ ఇచ్చిన ఎలక్ట్రిక్ కారులో ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి తిరుగుతుంటాను. చలి ముదిరిందంటే మా టెక్నీషియన్ల మధ్య ఒకటే వాదన: ఫాస్ట్ ఛార్జింగ్‌కి ముందు బ్యాటరీని వేడి చేయాలా, వద్దా?

సున్నా డిగ్రీలకు దిగితే సెల్స్ లోపల వ్యవహారమంతా మందగిస్తుంది. అప్పుడు జోరుగా ఛార్జ్ చేస్తే కరెంటును మోసే లిథియం, సెల్ లోపల దాన్ని దాచుకునే గ్రాఫైట్ పొరలోకి ఇంకే వీల్లేక పైనే లోహపు పూతగా పేరుకుంటుంది. దాంతో బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే కారే ముందు జాగ్రత్తగా కరెంటు తగ్గించి తీసుకుంటుంది. 150 కిలోవాట్ల ఛార్జర్‌కి తగిలించినా స్క్రీన్ మీద అంకె 40 దాటదు. వెనక క్యూలో ఉన్నవాళ్ల చూపులు అదనం.

అయితే వేడి ఊరికే రాదు. 400 కిలోల బ్యాటరీని 30 డిగ్రీలు పైకి తేవాలంటే మూడు నాలుగు యూనిట్లు కావాలి. 60 యూనిట్ల బ్యాటరీలో అది ఐదారు శాతం. హీటర్ సామర్థ్యం ఐదారు కిలోవాట్లే అయితే పని పూర్తవడానికి అరగంట దాటుతుంది. ఛార్జర్ పది నిమిషాల దూరంలో ఉంటే బ్యాటరీ సగం కూడా వేడెక్కదు. ఛార్జ్ బాగా తగ్గిపోయాక కొన్ని కార్లు అసలు వేడి చేయడానికే ఒప్పుకోవు. అంటే సరిగ్గా అవసరమైనప్పుడే చేతులెత్తేస్తాయన్నమాట!

కాబట్టి వేడి చేస్తే కరెంటు మిగలదు, టైమ్ మిగులుతుంది. ఆ టైమ్ ఎవరిది అన్నదే నాకు ముఖ్యం. మా ఆఫీసులో ఛార్జర్ దగ్గర గడిపిన సమయాన్ని విరామం కింద రాసుకోమంటారు. బిల్లు కంపెనీది, పోయే అరగంట నాది. ఇక నేనెందుకు ఆలోచిస్తాను? నావిగేషన్‌లో గమ్యంగా ఛార్జర్ పెట్టేస్తాను, కారే బ్యాటరీని వేడి చేయడం మొదలెడుతుంది, దారి పొడవునా వేడెక్కనిస్తాను.

నా రూమ్మేట్ లెక్క వేరు. సొంత కారుతో టాక్సీ నడుపుతాడు, ప్రతి యూనిట్ అతని జేబులోంచే. రాత్రంతా మామూలు ప్లగ్‌కి పెట్టుకుంటాడు. అంత నెమ్మది ఛార్జింగ్‌కి ముందుగా వేడి చేయక్కర్లేదు. పొద్దున ప్లగ్ తీయకముందే బ్యాటరీనీ సీట్లనీ వేడి చేసుకుంటాడు, ఆ కరెంటు గోడలోంచి వస్తుంది కాబట్టి ఒక ఛార్జ్‌తో వెళ్లగల దూరం (రేంజ్) తరగదు. ఫాస్ట్ ఛార్జర్‌కి వెళ్లక తప్పకపోతే, హైవే మీద చాలాసేపు నడిపాక వెళ్తాడు. అప్పటికి బ్యాటరీ కొంత వేడెక్కే ఉంటుంది. నిమిషాల లెక్కన బిల్లు వేసే ఛార్జర్ అయితే మాత్రం అతనూ నా దారికే వస్తాడు.

నాకు అసలు టెన్షన్ ఆన్-కాల్ వారంలో, అంటే ఎప్పుడు ఫోన్ వచ్చినా వెళ్లాల్సిన వారంలో. ఛార్జర్ వైపు వెళ్తుంటే, హీటర్ పనిచేస్తుంటే, ఆఫీసు నుంచి ఫోన్: "లిఫ్టులో మనిషి ఇరుక్కున్నాడు, వెంటనే వెళ్లు." బండి అటు తిప్పాలి. ఆ వేడి మొత్తం వృథా కాదు, బ్యాటరీ వెచ్చగా ఉంటే బ్రేక్ వేసినప్పుడు కరెంటు కాస్త ఎక్కువగానే దాంట్లోకి వెనక్కి వస్తుంది. కానీ పోయిన యూనిట్లన్నీ తిరిగి రావు. అందుకని ఆ వారం ఛార్జ్ సగం కంటే దిగనివ్వను. ఫాస్ట్ ఛార్జర్‌కి వెళ్లినా హీటర్ ఆన్ చేయను. మా సీనియర్ దీనికి ఒప్పుకోడు. వేడి చేసుకుని త్వరగా నింపుకుంటేనే ఫోన్ వచ్చేసరికి సిద్ధంగా ఉంటామంటాడు.